గోతుల వరస, కోణాల లెక్క

ఆదివారం రాత్రి.

పొద్దున్న వాన తెరిపివ్వగానే కాలువ పక్కన ఖాళీగా ఉన్న చెక్కలో కొబ్బరి మొక్కలకి గోతులు గుర్తు పెట్టించాం. మొక్కకీ మొక్కకీ 25 అడుగులు, వరసకీ వరసకీ అంతే. పనికొచ్చిన పెద్దాయన ముందు గట్టు వెంట తాడు లాగాడు. దాని మీద 9 అడుగుల దగ్గర ఓ పుల్ల, అడ్డంగా 12 అడుగుల దగ్గర ఇంకోటి. రెండింటి మధ్య టేపు సరిగ్గా 15 అడుగులు చూపించేదాకా రెండో పుల్లని జరిపాడు. మూల 90 డిగ్రీలకి కుదిరింది. 25 అడుగుల అవతల మళ్లీ అదే పని.

తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు ఊరుకోదు కదా. "వరసలు రెండూ ఎక్కడా కలవవని ఎలా చెప్తావు తాతా?" అంది. "మూల కుదిరాక వరస ఎటు పోద్దమ్మా!" అన్నాడాయన. ఒకే రేఖ రెండు రేఖల్ని ఖండించినప్పుడు రెండు చోట్లా ఒకే స్థానంలో పడేవి సదృశ కోణాలు. అవి సమానమైతే రేఖలు సమాంతరం. ఆయనకి ఆ పేరు తెలియదు, పని తెలుసు. గట్టు మీది తాడే తిర్యగ్రేఖ, అంటే ఆ రెండింటినీ ఖండించే రేఖ. దాన్ని తాకిన రెండు చోట్లా, ఒకే వైపు, 90 డిగ్రీలు. ఇక పొలం చివరిదాకా నడిచి చూడక్కర్లేదు.

ఆ పిల్ల కోణమానిని పెట్టి కొలుస్తానంది. వద్దన్నాను. ఒక్క డిగ్రీ తేడా వస్తే వంద అడుగుల దూరంలో దాదాపు 21 అంగుళాలు పక్కకి పోతుంది. దానికన్నా పెద్దాయన టేపుతో వేసిన 9, 12, 15 త్రిభుజమే మేలు, అది ఎంత పెద్దదైతే అంత నయం.

మధ్యాహ్నం మళ్లీ వాన, నిద్ర.

సాయంత్రం హోంవర్కు. రెండు రేఖల్ని తిర్యగ్రేఖ ఖండిస్తోంది. ఒకే వైపు అంతర కోణాలు, అంటే రేఖల మధ్య పడేవి, 65, 115 డిగ్రీలు. రేఖలు సమాంతరమని నిరూపించాలి. మొదటి లైనే "రేఖలు సమాంతరం కాబట్టి" అని మొదలెట్టింది! ఏది నిరూపించాలో అదే ముందు ఒప్పేసుకుంటే ఇంక చెయ్యడానికేముంది? ఇలా రాసినా మార్కులు వేసేస్తున్నారట. నాకు నచ్చలేదు.

"కలుస్తాయనే అనుకో, ఏమవుతుంది మావయ్యా?" అని తనే అడిగింది. అదీ ప్రశ్నంటే. కలిస్తే అక్కడో త్రిభుజం ఏర్పడాలి. ఏ త్రిభుజంలోనైనా రెండు కోణాలు కలిపితే 180కి తక్కువే. ఇక్కడ రెండింటికే 180 అయిపోయింది. రెండో వైపు చూసినా 115, 65, అదే మొత్తం. కాబట్టి ఏ వైపూ కలవవు.

యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో ఈ సంగతిని 27, 28 సిద్ధాంతాల్లో తేల్చేశాడు, ఐదో స్వీకృతం జోలికి పోకుండానే. ఒక వైపు అంతర కోణాల మొత్తం 180కి తక్కువైతే రేఖలు ఆ వైపు కలుస్తాయని, నిరూపణ లేకుండా ఒప్పుకున్న మాట అది. దాని విపర్యయం, అంటే సమాంతరమైతే కోణాలు సమానమన్నది, 29లో. ఐదో స్వీకృతాన్ని మొదటిసారి వాడాల్సి వచ్చింది అక్కడే. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే చిన్న తప్పెలా అవుతుంది?

మొత్తం కొట్టేసి కొత్తగా రాసింది. పడుకోబోతూ ఇంకోటి అంటించింది: "పైన కరెంటు తీగ, కింద దానికి అడ్డంగా పంటబోదె. ఎప్పుడూ కలవవు. మరవి సమాంతరమేనా?" కాదన్నాను. రెండు రేఖలూ ఒకే తలంలో ఉండాలి, నిర్వచనంలోనే ఆ షరతు ఉంది. పుస్తకం తీసి చూసి, "ఇది పరీక్షలో రాదులే" అంది.