వాసన పోయాక అరుగుదల

వైరస్ జ్వరం తగ్గినా నాకు వాసన తిరిగి రాలేదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలుస్తూనే ఉన్నాయి, తింటున్నదేమిటో మాత్రం తెలిసేది కాదు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. ఆకలి కూడా చచ్చిపోయింది. కొంచెం తిన్నా కడుపు బరువుగా ఉండేది.

ముద్ద నోట్లో పడకముందే చూపు, వాసన, తిండి తలపు మెదడును కదిలిస్తాయి. మెదడు నుంచి కడుపు దాకా వెళ్లే వేగస్ నాడి ఆ కబురు చేరవేస్తుంది. భోజనానికి ఊరే ఆమ్లంలో సుమారు 20-30 శాతం ఈ దశదే. తిన్నది గొంతులోంచే బయటికి వచ్చేసేలా శస్త్రచికిత్స చేసిన కుక్కల్లో సైతం జఠర రసం ఊరుతుందని రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ చూపించాడు. వేగస్‌ను కోసేస్తే ఊరలేదు. 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికే, గంట మోగితే కుక్కకు నోరూరుతుందన్న పేరుపడ్డ ప్రయోగానికి కాదు. వాసన లేకపోతే అసలు అరగదని కాదు. తిండి కడుపులోకి దిగాక మిగతా ఆమ్లం ఎలాగూ ఊరుతుంది.

వాసన నుంచి రాని ఆ మొదటి కబురు కోసం మిగిలిన ఇంద్రియాలకు పని పెంచాను. మెత్తటిదాని పక్కన కరకరలాడేది, వేడిదాని పక్కన చల్లనిది, కళ్లకు ఆనే రంగులు. పుదీనా చల్లదనం, మిరియాల ఘాటు ముఖంలో స్పర్శ, మంట, చల్లదనం తెలిపే ట్రైజెమినల్ నాడి మీదుగా వెళతాయి కాబట్టి వాసన పోయినా అందుతాయి. లాలాజలాన్ని బాగా ఊరించేది పులుపు: తినే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. కడుపులో మంట ఉన్నవాళ్లు పులుపు, ఘాటు రెండూ మానేయాలి. చప్పగా ఉందని ఉప్పు, పంచదార పెంచుకుంటూ పోవడం అందరూ పడే గొయ్యి.

వాసన తిరిగి రావడానికి చేసే సాధన వేరే. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలు పొద్దున, సాయంత్రం, ఒక్కొక్కటి 20 సెకన్ల పాటు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ మెల్లగా పీల్చాలి. గట్టిగా ఎగబీల్చక్కర్లేదు. కనీసం 12 వారాలు చేయాలి, కొందరికి నెలలు పడుతుంది.

మధ్యలో కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేపుళ్లు మురుగు కంపు కొట్టాయి. నాడులు తిరిగి అతుక్కునే దశలో ఇది మామూలే, కానీ ఆ వికారంతో కడుపు ఖాళీ కావడమూ నెమ్మదిస్తుంది. అప్పుడు తిండి చల్లారాక తినడమే మేలు, ఆవిరి తగ్గితే వాసనా తగ్గుతుంది. బరువు తగ్గుతూ ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. గ్యాస్ లీకైనా, తిండి పాడైనా ముక్కు చెప్పదు కనుక ఇంట్లో గ్యాస్ అలారం, డబ్బాల మీద తేదీలు తప్పనిసరి.