బాపు చేతిల చాయ్ గ్లాసు

చాయ్ మీద మీగడ కట్టింది, బాపు గ్లాసు పట్టుకునే కూసున్నడు, తాగుతలేడు. టీవీల బలగం సినిమా ఆఖరు సీన్ నడుస్తుంది, దుగ్గొండి కొమురమ్మ, మొగిలయ్య పాడుతున్నరు.

మా హన్మకొండ ఇంట్ల ఈ సినిమా ఎన్నిసార్లు పెట్టినమో లెక్కలేదు. ఇయ్యాల మాత్రం నేను టీవీ కంటే బాపు మొఖమే ఎక్కువ చూసిన.

2023ల వచ్చినప్పుడు అందరం తాతకు పెట్టిన పిండం ముట్టని కాకి గురించే మాట్లాడుకున్నం. నాకైతే ఇప్పుడు ఆ ఇంటల్లుడు నారాయణ మనసే కనపడ్తుంది. మటన్ కూరల నల్లిబొక్క కోసం అన్నేండ్లు అలిగిండు అంటే చిన్నగనే అనిపిస్తది గానీ ఆయన అడిగింది బొక్కనా, అల్లునిగా ఆ ఇంట్ల తన జాగ ఏందో అడిగిండు, అది నోటితోని చెప్పరాక కోపం చేసుకున్నడు. మనవడు సాయిలు కూడా అంతే, తాత పోయిండన్న బాధ కంటే ముందు అప్పు, ఆగిపోయే పెండ్లి యాదికొస్తయ్. డైరెక్టర్ వేణు వాణ్ని చెడ్డోన్ని చెయ్యలే, గది నాకు మస్తు నచ్చింది.

ఆ ఆఖరు పాటల మాటల కంటే మొఖాలే ఎక్కువ. గొంతు కొమురమ్మ, మొగిలయ్యలది, కెమెరా మాత్రం ఇంటోళ్ల మీద. ఇన్నేండ్లు లోపల దాసుకున్నది వేరేటోళ్ల నోట ఇనపడితే మనిషి ఎట్ల కరుగుతడో ఆ షాట్లతోనే చెప్పిండ్రు.

పాట అయినంక బాపు గ్లాసు కింద పెట్టి "నారాయణది తప్పేం లేదురా" అన్నడు. మా పెద్దబాపుతోని ఆయనకు మాటల్లేక ఆరేండ్లు. నేనేం అనలే, చాయ్ మళ్ల వేడి చేసుకొచ్చిన.