డిసెంబరులోనూ ఫ్యాన్ కావాల్సి వచ్చింది

కర్నూల్లో ఏప్రిల్ నెలలో చెమటలు పడుతున్నాయంటే ఎవరైనా ఎండల వల్లే అంటారు. నేనూ అదే అనుకున్నాను. గుండె దడదడలాడితే మజ్జిగ తాగి పడుకునేదాన్ని. వానలొచ్చాయి, తుంగభద్రకు నీళ్లొచ్చాయి, నా ఒంట్లో వేడి మాత్రం తగ్గలేదు. డిసెంబరులో మా ఆయన, పాప రగ్గులు కప్పుకుని ముడుచుకుంటే, నాకు మాత్రం ఫ్యాన్ తిరగాల్సిందే.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పదిహేనేళ్ల పని. అట్లాంటిది హుక్స్ కుట్టేటప్పుడు సూదిలో దారం ఎక్కేది కాదు. చేతులు చాపితే వేళ్లు సన్నగా వణికేవి. నేల మీద కూర్చుంటే చెయ్యి ఊనితే గానీ లేవలేకపోయేదాన్ని. రెండు జొన్నరొట్టెలు తినేదాన్ని నాలుగు తిన్నా ఆకలే. అయినా 58 కిలోల నుంచి 49కి దిగిపోయాను. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, "ఏందే, ఇట్ల చిక్కిపోయినావు? దిష్టి తగిలింది" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఒక డాక్టరు టెన్షన్ అని నిద్ర మాత్రలు రాశాడు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది నా కోపం. ఒకరోజు పాప స్కూలు నుంచి వచ్చి, కుట్టి పెట్టిన జాకెట్ల మీద బ్యాగు పెట్టింది. అంతే, వీపు మీద గట్టిగా కొట్టాను. ఆ తర్వాత నేను మిషన్ దగ్గరుంటే ఆ పిల్ల వంటింటి తలుపు దగ్గరే నిలబడిపోయేది. నా గుణమే మారిపోయిందని రాత్రిళ్లు ఏడ్చేదాన్ని.

కొలతలివ్వడానికి వచ్చిన ఒక నర్సమ్మ నా చేతిలో టేపు వణకడం చూసింది. "అక్కా, కొంచెం నీళ్లు మింగు" అంది. మింగాను. గొంతు కింద చిన్న వాపు పైకి కదిలి కిందికొచ్చింది. వెంటనే థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంది. థైరాయిడ్ అంటే లావయ్యేవాళ్లకు గదా అన్నాను. అది తక్కువైతే లావవుతారు, ఎక్కువైతే ఇట్ల చిక్కిపోతారు అంది.

టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలట. నాది 0.01 కన్నా తక్కువ. టీఎస్‌హెచ్ అంటే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి, గొంతులోని థైరాయిడ్ గ్రంథికి హార్మోను తయారుచెయ్యమని పంపే కబురు. థైరాయిడ్ అప్పటికే అతిగా పనిచేస్తుంటే పిట్యూటరీ ఆ కబురు ఆపేస్తుంది. ఇంకో రక్త పరీక్షలో గ్రేవ్స్ వ్యాధి అని తేలింది. మన రోగనిరోధక శక్తే పొరపాటున థైరాయిడ్‌ను రెచ్చగొడుతుందన్నమాట.

పక్కింటి అక్క మనసు చాలా మంచిది. "నాకూ థైరాయిడే, ఈ మాత్ర వేసుకో" అని తన థైరాక్సిన్ డబ్బా తెచ్చిచ్చింది. నేను వేసుకోలేదు కాబట్టి సరిపోయింది. నా ఒంట్లో ఎక్కువైన హార్మోనే ఆ మాత్రలో ఉంటుంది. జబ్బు పేరు ఒకటేనని ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకండి.

నాకు కార్బిమజోల్, ప్రొప్రనొలాల్ రాశారు. ప్రొప్రనొలాల్‌తో దడ, వణుకు కొన్ని రోజుల్లోనే తగ్గాయి. కార్బిమజోల్ కొత్త హార్మోను తయారవకుండా ఆపుతుంది. గ్రంథిలో ముందే నిల్వ ఉన్నది ఖర్చయ్యే దాకా ఆగాలి, అందుకే వారాలు పట్టింది. హార్మోన్లు మామూలయ్యాక కూడా టీఎస్‌హెచ్ నెలల తరబడి లేవలేదు. అదీ మామూలేనట. పాపను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "అమ్మ కోపం సగం ఈ హార్మోనుదే" అని ఆవిడ దానికి నెమ్మదిగా చెప్పింది. మిగతా సగం నాదేనని, నేను కొట్టింది తప్పేనని ఇంటికొచ్చాక నేను చెప్పాను. అప్పటి నుంచి నా మాత్రలు లెక్కపెట్టి ఇచ్చేది పాపే.

రెండో నెలలో ఒక రాత్రి జ్వరం, గొంతు నొప్పి. మా ఆయన పారాసిటమాల్ తెస్తానని లేచాడు. చీటీ మీద డాక్టరమ్మ రాసింది పాప చదివింది: జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే కార్బిమజోల్ ఆపి, అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. ఈ మాత్ర అరుదుగా, రోగాలతో పోరాడే రక్తంలోని తెల్ల కణాలను బాగా తగ్గించేస్తుంది, అప్పుడు మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాం. రిపోర్టు వచ్చే దాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. కణాలు సరిగానే ఉన్నాయి, అది ఒట్టి జలుబు జ్వరమే.

పదహారు నెలలయింది. 56 కిలోలకు వచ్చాను, రోజుకు మూడు జాకెట్లు కుడుతున్నాను. ఇంకో రెండు నెలలకు మాత్ర ఆపి చూస్తారట. ఆపాక దాదాపు సగం మందికి తిరగబెడుతుందని ముందే చెప్పారు. నాకూ తిరగబెడితే రేడియో అయోడిన్ (థైరాయిడ్‌ను అణిచే మందు) గానీ ఆపరేషన్ గానీ చెయ్యాల్సి రావచ్చు. వాటి తర్వాత చాలామందికి థైరాయిడ్ తక్కువైపోతుంది. అప్పుడు పక్కింటి అక్క వేసుకునే మాత్రే నాకూ రాస్తారు, రోజూ పొద్దున పరగడుపున.