వానపూట, స్కీ బూట్ల షాపులో

అక్టోబరు, శనివారం

పొద్దున్నుంచీ ముసురు. ఉప్మా తిని, రెండో కాఫీ కూడా అయ్యాక స్కీ బూట్లు కొనడానికి బయల్దేరాం. ఈ పని డిసెంబరు దాకా ఆపితే షాపంతా కిటకిటలాడుతుంది, నా సైజు అయిపోతుంది, బూటు సరిచేసే మనిషికి నా పక్కన గంటన్నర కూర్చునే తీరిక ఉండదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మా ఇస్సక్వాలో ఇలాంటి వానపూట ఇంతకంటే మంచి పని నాకైతే కనిపించలేదు.

నాకు కావలసింది ఒకే జత. చలికాలమంతా ఎక్కువగా ఆల్పెంటల్, క్రిస్టల్ మౌంటెన్ లాంటి స్కీ రిసార్టులకి వెళ్ళి లిఫ్టెక్కి దిగడమే. మధ్యమధ్య వాతావరణమూ, మంచు చరియల సూచనా రెండూ అనుకూలించిన రోజున, రెయినియర్ పర్వతం మీద పారడైజ్ అనే చోటు నుంచి, స్కీల అడుగున స్కిన్లు (వెనక్కి జారనివ్వని పట్టీలు) అంటించుకుని రెండు మూడు గంటలు పైకి నడిచి దిగుతాం. రెండు పనులకూ రెండు జతలు కొనుక్కునేవాళ్ళున్నారు. మంచిదే. కానీ ఒక జత బూట్లే ఆరేడు వందల డాలర్లు తినేస్తుంటే, నా సరదాకి రెండో జత ఎక్కువనే అనిపించింది.

దిగేటప్పుడు కోరేది ఒకటి, ఎక్కేటప్పుడు కోరేది ఇంకొకటి. దిగేటప్పుడు బూటు పాదాన్ని కదలనివ్వకూడదు. మోకాలు ముందుకు వంచితే ఆ ఒత్తిడి వెంటనే స్కీ అంచుకి చేరాలి. ఎక్కేటప్పుడు పిక్క చుట్టూ ఉండే పైభాగం ముందుకీ వెనక్కీ ధారాళంగా ఊగాలి, బూటు తేలిగ్గా ఉండాలి, ముందు కొనలో పిన్ బైండింగ్ పట్టుకునే లోహపు గుంటలు ఉండాలి. బైండింగ్ అంటే బూటుని స్కీకి బిగించే పరికరం. ఆ గుంటల పద్ధతికి 1980లలో ఆస్ట్రియా దేశస్థుడు ఫ్రిట్జ్ బార్తెల్ శ్రీకారం చుట్టాడు. బరువు మోయడం ఇష్టం లేని మనిషి ఆలోచన అది. ఈనాటికీ మంచు కొండలెక్కేవాళ్ళంతా ఆయనకి రుణపడి ఉన్నారని నా నమ్మకం. ఈ రెండు అవసరాల నడుమ పుట్టినవే ఇప్పటి హైబ్రిడ్ బూట్లు. వెనక ఒక మీట ఉంటుంది. దాన్ని పైకెత్తితే నడక, కిందికి నొక్కితే దిగడం. మంచి వాటిల్లో పైభాగం 50 డిగ్రీలకు పైగా ఊగుతుంది.

షాపులో బూట్లు అమర్చే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మెడలో కొలత టేపు, చెవి మీద పెన్సిల్. ఏ కంపెనీ కావాలని అడగలేదు. ముందు స్కీల మీద ఏ బైండింగ్ ఉందని అడిగింది, తర్వాత లిఫ్టు రోజులెన్ని, నడక రోజులెన్ని అని. ఈ రెండో ప్రశ్నకి అందరూ ఆశలు కలిపి జవాబు చెబుతారట. వచ్చే ఏడాది ఎక్కాలనుకుంటున్న కొండల లెక్క ఆవిడకి అక్కర్లేదు, పోయిన ఏడాది ఎక్కినవే కావాలి. నేను నిజమే చెప్పాను: పదింట ఎనిమిది రోజులు లిఫ్టే.

బైండింగ్ సంగతి ఎందుకు ముందు అడిగిందో మా ఆయన వంతు వచ్చినప్పుడు బాగా తెలిసింది. ఆయన చేతిలో అప్పటికే టెక్నికా జీరో జీ టూర్ ప్రో ఉంది. 26.5 సైజులో ఒక్కోటి 1.3 కిలోల చుట్టుపక్కల ఉండే టూరింగ్ బూటు, అంటే స్కీలతో కొండలెక్కడానికి చేసినది.

"చూడు, చెప్పుల్లా ఉన్నాయి. ఇవి తీసుకుంటే నీకంటే ముందు పైకి చేరతాను."

"చేరండి. మీ స్కీల మీద ఉన్న బైండింగ్‌లో అవి పడతాయా?"

పడవు. ఆయన బైండింగ్ లిఫ్టెక్కి దిగేవాళ్ళ మామూలు ఆల్పైన్ బూట్లకీ, గ్రిప్‌వాక్ బూట్లకీ మాత్రమే చేసినది. గ్రిప్‌వాక్ అంటే నడవడానికి వీలుగా కాస్త వంపు, రబ్బరు పట్టు ఉన్న బూటు అడుగుభాగం. పూర్తి టూరింగ్ బూటు అడుగు వేరు, దానికి ఐఎస్ఓ 9523 అని వేరే ప్రమాణం. పాత ఆల్పైన్ అడుగుది ఐఎస్ఓ 5355. పొంతన లేని బైండింగ్‌లో బూటు ఇరికినట్టే కనిపిస్తుంది, క్లిక్ మని శబ్దం కూడా రావచ్చు, కానీ పడినప్పుడు ఊడాల్సిన వేళకి ఊడుతుందన్న భరోసా లేదు. ఊడకపోతే పోయేది మోకాలు. ఈ ఒక్క విషయంలో డబ్బు గురించీ, బరువు గురించీ వాదించడానికి నేను ఒప్పుకోను. నా స్కీల మీద 2018లో వచ్చిన షిఫ్ట్ బైండింగ్ ఉంది. ఎక్కేటప్పుడు పిన్లు, దిగేటప్పుడు మామూలు ఆల్పైన్ బైండింగ్‌లా పని చేస్తుంది, మూడు రకాల అడుగులనీ తీసుకుంటుంది. అయినా బూటు మారిన ప్రతిసారీ ముందు భాగం కింద ఉండే పలక ఎత్తు మళ్ళీ సరిచేయించాల్సిందే.

ఇక పాదం. నిలబెట్టి, బరువంతా ఒక కాలి మీద వేయించి కొలిచింది. స్కీ బూటు సైజంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. నాది 24.3. చాలా కంపెనీల్లో 24కీ 24.5కీ బయటి షెల్ ఒక్కటే, లోపలి మెత్తటి లైనరో, పాదం కింద పరిచే అట్టో మారుతుంది. కాబట్టి అర సైజు పెంచితే బూటు పెద్దదవుతుందని అనుకోవడానికి లేదు. పొడవు తేలాక వెడల్పు. ముంగాలు నాకు బాగా వెడల్పు, మడమ సన్నం. తెనాలిలో చిన్నతనమంతా చెప్పుల్లోనూ, ఉత్తకాళ్ళతోనూ తిరిగిన పాదం ఇలాగే పరుచుకుంటుందని మా అమ్మ అంటుంది. అది ఎంతవరకు కారణమో గానీ, స్కీ బూట్లకి ఇదే చిక్కు. ముందు భాగానికి సరిపోయేది కొంటే మడమ లేస్తుంది, మడమకి సరిపోయేది కొంటే చిటికెనవేలు నలుగుతుంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని ప్రతి కొత్త కొనుగోలుదారూ చూడాలి. బూటులోంచి లైనర్ బయటికి లాగేసి, ఖాళీ ప్లాస్టిక్ షెల్‌లో నా కాలు పెట్టించింది. బొటనవేలు ముందు గోడకి ఆనేదాకా జరపమని, మడమ వెనక ఖాళీలోకి వేళ్ళు దించింది. ఒకటిన్నర సెంటీమీటర్ల నుంచి రెండు దాకా ఉంటే సరి. మూడు ఉంటే ఆ బూటు పెట్టెలోకే. లైనర్ మెత్తగా ఉండి షాపులో ఎంత హాయిగా అనిపించినా, పది రోజులు వాడాక అది అణిగిపోయి అసలు కొలత బయటపడుతుంది, అప్పటికి వాపసు ఇవ్వడానికి ఉండదు. షెల్ ఒక్కటే నిజం చెబుతుంది.

అటామిక్ హాక్స్ అల్ట్రా ఎక్స్‌టీడీ వేసి చూశాను. ముంగాలు దగ్గర 98 మిల్లీమీటర్ల వెడల్పు. మడమ దగ్గర పట్టు అద్భుతం, కానీ రెండు నిమిషాల్లో చిటికెనవేలి పక్క ఎముక మంటెక్కింది. టెక్నికా కొచీస్, 99. దిగడానికి ఇంతకంటే నమ్మకమైన బూటు ఆ వరుసలో నాకు తగల్లేదు, బరువూ దానికి తగ్గట్టే. హాక్స్ ప్రైమ్ ఎక్స్‌టీడీ, 100. వెడల్పు అక్కడ సరిగ్గా కుదిరింది, మడమే కొంచెం వదులు.

ఫ్లెక్స్ అంకెల మీద, అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకెల మీద, మా ఇద్దరికీ కాసేపు చర్చ. 95, 105, 115, 130 అని బూటు మీద రాసుంటుంది, అంకె పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. కానీ ఈ అంకెకి ఉమ్మడి కొలబద్ద లేదు. ఒకరి 110 ఇంకొకరి 120 కంటే గట్టిగా ఉండొచ్చు. వెచ్చటి షాపులో వంగే ప్లాస్టిక్ చలిలో బిగుసుకుంటుంది కూడా. బకిల్స్ పెట్టుకుని, మోకాలి కింది ముందెముకని బూటు నాలుకకి ఆనించి వంగి చూడడమే మార్గం. మరీ తేలిగ్గా కుంగిపోతే వేగంలో నన్ను నిలబెట్టదు, అసలు కదలకపోతే గుంతల్లో నేనే వెనక్కి పడతాను.

మా కొండల మంచు సంగతి కూడా లెక్కలోకి రావాలి. పసిఫిక్ తేమంతా తెచ్చి కాస్కేడ్స్ మీద కుమ్మరించే మంచు ఇది, బరువెక్కువ, మధ్యాహ్నానికి ముద్దలు కడుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అనే పిలుస్తారు. తేలికైన బూటు ఆ ముద్దల్లో స్కీని అటూ ఇటూ విసరనిస్తుంది, కాలు దానితో కొట్లాడి అలిసిపోతుంది. కాలి మీద ఒక పౌను వీపు మీద ఐదు పౌన్లని కొండలెక్కేవాళ్ళ పాత మాట. నిజమే, కానీ నేను రోజంతా ఎక్కను. రెండు గంటల నడకలో అదనంగా మోసే ఆ మూడు నాలుగు వందల గ్రాముల్ని ఇష్టంగానే మోస్తాను, మిగతా చలికాలమంతా నా స్కీ నా మాట వింటే చాలు.

అందుకే ప్రైమ్ ఎక్స్‌టీడీ. మడమ వదులుకి మందు అక్కడికక్కడే చేసింది ఆవిడ. లైనర్లు వేడిచేసి, నా కాలివేళ్ళ మీద నురుగు టోపీ తొడిగి, పైన పలచటి మేజోడు, దాని మీద వేడి లైనరూ షెల్లూ. బకిల్స్ మామూలు పట్టుతో బిగించి, కాలివేళ్ళ కింద చిన్న దిమ్మ పెట్టి, కదలకుండా నిలబడమంది. దిమ్మ వల్ల వేళ్ళు లేచి మడమ వెనక జేబులోకి జారుతుంది, లైనర్ ఆ ఆకారంలోనే చల్లారుతుంది. వేడి పాదం చుట్టూ పాకుతుంటే మొదటి మూడు నిమిషాలు సుఖంగా ఉంది, తర్వాత అరికాలు నొప్పెట్టడం మొదలైంది, అయినా కదల్లేదు. విప్పి మళ్ళీ వేసుకుంటే మడమ లేవలేదు. అరికాలి వంపుకి తగ్గ అట్ట విడిగా కొన్నాను. అది లేకపోతే పాదం అణిగి పొడవు సాగి మళ్ళీ వేళ్ళు ముందుకి కొట్టుకుంటాయి.

మా ఆయన చివరికి జీరో జీ పక్కన పెట్టేశారు. ముందు బైండింగ్ మార్చాలో, బూటు ఎంచుకోవాలో తేలాక మళ్ళీ వస్తామన్నారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది.

ఇంటికొచ్చాక పప్పు పొయ్యి మీద పెట్టి, కొత్త బూట్లు వేసుకుని వంటింట్లో తిరిగాను. నడక మీట ఎత్తి కాసేపు, దించి కాసేపు. కుక్కర్ మూడు కూతలేసేసరికి ఎడమ చీలమండ లోపలి ఎముక దగ్గర ఒకచోట నొక్కుడు తెలిసింది, కుడివైపు ఏమీ లేదు. విప్పి చూస్తే రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. దాని చుట్టూ పెన్నుతో సున్నా గీసి ఫోటో తీసుకున్నాను. వచ్చే శనివారం అక్కడ షెల్ వేడిచేసి కొంచెం బయటికి తోయిస్తాను, అదే పూట షిఫ్ట్ పలక ఎత్తు కూడా సరిచేయించాలి. మంచు కింద పడితే వెతకడానికి సంకేతం పంపే బీకన్‌లో బ్యాటరీలు కొత్తవి వేయాలి. మంచు చరియల తరగతికి ఇద్దరి పేర్లూ రేపే నమోదు చేయాలి.