పన్నెండు చింతపిక్కలతో గీసుకున్న రాజస్థాన్ దారి: నా అనుభవం

మా నాన్నగారు ఆదోనిలో ముప్ఫై ఏళ్ల పాటు పిల్లలకు చరిత్ర చెప్పి పదవీ విరమణ చేశారు. బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించిన చిత్తోడును, జోధ్‌పూర్‌ను ఒక్కసారైనా కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. అమ్మకు పుష్కర్‌లో బ్రహ్మదేవుడి దర్శనం కావాలి, కానీ మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ మెట్లు ఎక్కలేదు. మా ఆయనకు దొరికే సెలవు పదమూడు రోజులు. ఈ మూడింటినీ ఒక దారిలోకి తేవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదట నేను చేసిన పని ఒక ట్రావెల్ ఏజెన్సీని అడగడం. వాళ్లు ఎనిమిది రాత్రుల్లో తొమ్మిది ఊళ్లు చూపిస్తామని రంగురంగుల కాగితం పంపారు. అడ్వాన్సు కట్టేదాన్నే, కానీ ఆ కాగితం చూసిన నాన్నగారు నిదానంగా ఒక మాట అన్నారు. రాజస్థాన్ విస్తీర్ణం 3,42,239 చదరపు కిలోమీటర్లు, మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి పరిచినా దానికి సరిపోవు, అలాంటి చోట రోజుకో ఊరు అంటే మనం చూసేది కోటలను కాదు, కారు కిటికీని అన్నారు. ఆ రాత్రే ఆ కాగితాన్ని పక్కన పెట్టేశాను.

మరునాడు హాల్లో నేల మీద రాష్ట్ర పటం పరిచాం. ఫోనులోని మ్యాపులో ఊళ్లన్నీ దగ్గరగానే కనిపించి మోసం చేస్తాయి కనుక పెద్ద కాగితప్పటమే కావాలని నేను పట్టుబట్టి తెప్పించాను. అమ్మ వంటింట్లోంచి చింతపిక్కల డబ్బా తెచ్చి, పన్నెండు పిక్కలు లెక్కపెట్టి పటం పక్కన పోసింది. ఒక్కో పిక్క ఒక్కో రాత్రి. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండాలనిపిస్తే అన్ని పిక్కలు ఆ ఊరి మీద పెట్టాలి. అందరం మనసులో ఉన్నవన్నీ పెట్టేసరికి పద్దెనిమిది పిక్కలు కావలసి వచ్చాయి. ఆరు తీయాలి, ఎవరి ఊరి మీద నుంచి తీయాలన్న దగ్గర మాటలు ఆగిపోయాయి. అయినా ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ "ఇది కూడా చూద్దాం" అని ఊరికే అనలేదు. ఏదైనా పెట్టాలంటే ఎక్కడి నుంచి తీస్తారో కూడా చెప్పేవారు.

అసలు చిక్కు జైసల్మేర్‌తో వచ్చింది. అది పడమటి అంచున ఎడారిలో ఉంది. జోధ్‌పూర్ నుంచి దాదాపు 285 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అదే దారిన జోధ్‌పూర్‌కే వెనక్కి రావడం చాలామంది చేసే పని, నా మొదటి చిత్తులోనూ అలాగే ఉంది. రెండోసారి చూసినప్పుడు జైపూర్ నుంచి ముందు ఉత్తరంగా బికనేర్ వెళ్లి, అక్కడి నుంచి జైసల్మేర్ దిగితే, చూసిన దారినే మళ్లీ చూడకుండా జోధ్‌పూర్‌కు చేరవచ్చని తెలిసింది. దూరాలు 335, 330 కిలోమీటర్ల చొప్పున ఉన్నాయి కనుక రెండు రోజులూ ఎక్కువ భాగం కారులోనే గడుస్తుంది. నేను వెనకాడుతుంటే నాన్నగారు వెంటనే ఒప్పుకున్నారు. బికనేర్ మహారాజు అనూప్ సింగ్ ఔరంగజేబు కాలంలో దక్కన్‌లో సైన్యంతో ఉండి, 1698లో మా ఆదోనిలోనే కన్నుమూశాడట. యుద్ధాల్లో చెదిరిపోతున్న సంస్కృత రాతప్రతులను దక్కన్ నుంచి బికనేర్‌కు చేర్చినవాడు కూడా ఆయనే. "మన ఊళ్లో పోయినవాడి ఇల్లు చూడకుండా ఎలా వస్తామమ్మా" అన్నారు. దాంతో బికనేర్ మీదికి ఒక పిక్క వచ్చింది.

కారు విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నాను, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. ఏడు సీట్ల కారుకు కిలోమీటరుకు 16 రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకు 400, టోలు, పార్కింగు వేరు అన్నారు. ఇందులో తెలియక దెబ్బతినే చోట్లు రెండున్నాయి. మొదటిది, రోజుకు కనీసం 250 కిలోమీటర్లకు లెక్క కట్టడం. మనం ఊళ్లోనే తిరిగి, 20 కిలోమీటర్లు కూడా నడపకపోయినా 250కీ కట్టాల్సిందే. అందువల్ల జైపూర్‌లో ఉన్న మూడు రోజులూ కారు పెట్టుకోకుండా, ఆటోల్లో, క్యాబుల్లో తిరిగి, బికనేర్ బయలుదేరిన ఉదయం నుంచే కారు మాట్లాడుకున్నాం. ఆ మూడు రోజుల మీద 12,000 రూపాయలు అయ్యేవి, ఆటోలకు అందులో సగం కూడా కాలేదు.

రెండోది ఖాళీ బండి వెనక్కి వెళ్లే ఖర్చు. ఉదయపూర్‌లో యాత్ర ముగించి అక్కడే విమానం ఎక్కాలన్నది నా ఆలోచన. అయితే కారు జైపూర్‌ది కనుక, అది తిరిగి వెళ్లే 400 కిలోమీటర్లకూ మేమే ఇచ్చుకోవాలి, అంటే 6,400 రూపాయలు. ఈ సంగతి మా కింది వాటాలో ఉండే మార్వాడీ పెద్దాయన దగ్గర అన్నాను. వారిది నాగౌర్ వైపు, సికింద్రాబాదులో బట్టల దుకాణం. ఆయన పటం వైపు చూసి నాన్నగారితో, "వాపస్ వచ్చే గాడీకి పైసలు మీరే ఇస్తున్నరు గదా మాస్టర్‌జీ, మరి ఖాళీగ ఎందుకు పంపుడు? మీరే కూసొని రాండ్రి" అన్నారు. ఆ మాటతో యాత్ర రూపమే మారిపోయింది. ఉదయపూర్ నుంచి చిత్తోడ్‌గఢ్ 115, అక్కడి నుంచి భీల్వాడా, అజ్మేర్ మీదుగా పుష్కర్ సుమారు 200, పుష్కర్ నుంచి జైపూర్ 150 కిలోమీటర్లు. ఖాళీ బండికి కట్టబోయిన దారిలోనే నాన్నగారి చిత్తోడు, అమ్మ పుష్కర్ రెండూ ఉన్నాయి. పిక్కలు జైపూర్ మూడు, బికనేర్ ఒకటి, జైసల్మేర్, జోధ్‌పూర్, ఉదయపూర్ రెండేసి, చిత్తోడ్‌గఢ్ ఒకటి, పుష్కర్ ఒకటి అని పటం చుట్టూ వలయంలా కుదురుకున్నాయి.

తేదీలు అమ్మ పంచాంగంతో కుదిరాయి. సంక్రాంతి దాటేవరకు ఇల్లు కదలనంది. జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం మాఘ పౌర్ణమికి జరుగుతుంది, ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. అందుకని పౌర్ణమికి వారం ముందే జైసల్మేర్ దాటిపోయేలా చూసుకున్నాం.

మోకాళ్ల లెక్క వేరుగా వేశాను. ప్రతి కోటకూ ఎదురుగా, అమ్మ పైదాకా ఎలా చేరుతుందో రాసుకున్నాను. ఆమేర్‌కు జీపులున్నాయి. బికనేర్ జునాగఢ్ కొండ మీద కాక చదును నేల మీద ఉంది. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్‌లో లిఫ్టు ఉంది. చిత్తోడులో ఏడు ద్వారాలు దాటుకుంటూ కారే పైకి వెళ్తుంది, లోపల కూడా ఒక కట్టడం నుంచి మరో కట్టడానికి కారులోనే తిరగవచ్చు. కుంభల్‌గఢ్‌లో మాత్రం నిట్టనిలువు దారిని నడిచే ఎక్కాలి. 36 కిలోమీటర్ల గోడ ఉన్న ఆ కోటను వదులుకోవడం నాన్నగారికి బాధ కలిగించింది. అయినా ఆ పిక్కను ఆయనే తీశారు.

వేళలను పట్టించుకోకపోతే దూరాల లెక్క ఎంత బాగా వేసినా వృథా అని రణక్‌పూర్ విషయంలో తెలిసింది. జోధ్‌పూర్ నుంచి ఉదయపూర్ వెళ్లే దారిలో ఉన్న ఆ జైన ఆలయంలో ఉదయం పూజలకే కేటాయించి, యాత్రికులను మధ్యాహ్నం పన్నెండు నుంచి లోపలికి పంపుతారు. ముందుగా వెళ్తే ఎండలో కూర్చోవాలి, ఆలస్యమైతే ఉదయపూర్ చేరేసరికి ఘాట్ రోడ్డులో చీకటి పడుతుంది. అందుకే ఎనిమిదికి జోధ్‌పూర్‌లో బయలుదేరాం. తోలు వస్తువులు లోపలికి తీసుకువెళ్లకూడదని ముందే తెలుసు కనుక బెల్టులు, పర్సులు కారులోనే వదిలి, పన్నెండు దాటిన పది నిమిషాలకు గడప దాటాం. లోపల 1,444 పాలరాతి స్తంభాలు, ఏ రెంటి చెక్కుడూ ఒకలా ఉండదు. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని, చెక్కిన తీగ మీద చూపుడువేలును కింది నుంచి పైకి, ఆకు ఆకునూ తాకుతూ పోనిచ్చింది. పైన చెయ్యి అందని చోట ఆగి, మళ్లీ కింది నుంచి మొదలుపెట్టింది. మేం నలువైపులా తిరిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. హడావిడి పెట్టాల్సిన అవసరం ఆ రోజు మాకు లేదు.

నేను వేసిన లెక్క తప్పిన చోట్లూ ఉన్నాయి. జైసల్మేర్ పడమరగా ఉండటం వల్ల జనవరి చివరలో అక్కడ ఏడుంబావు దాటాకగానీ తెల్లవారదు. ఆరింటికే బయలుదేరాలని రాసుకున్న నేను, చలిలో, చీకట్లో అమ్మను లేపి కూర్చోబెట్టి అనవసరంగా బాధపెట్టాను. బికనేర్ నుంచి జైసల్మేర్ దారిలో మనం తినగలిగే చోట్లు దూరదూరంగా ఉన్నాయి. పులిహోర కట్టుకువెళ్లాం కాబట్టి సరిపోయింది.

పెద్ద పొరపాటు బికనేర్‌దే. జైపూర్ నుంచి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. జునాగఢ్‌లో అనూప్ సింగ్ పేరుతో ఉన్న అనూప్ మహల్ ముందు నిలబడి, బంగారు పూతలు పూసిన ఆ గోడలను నాన్నగారు ఒక్కో అడుగూ చూస్తూ వచ్చారు. ఇంకా సగం గది మిగిలి ఉండగానే మూసేవేళ అయిందని అక్కడి ఉద్యోగి వచ్చి చెప్పాడు. నాన్నగారు ఏమీ అనకుండా కదిలారు, గుమ్మం దగ్గర మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఆ పటం, దాని మీద జిగురుతో అతికించిన పిక్కలతో సహా, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరైనా ఈ దారి అడిగితే, జైపూర్ మీది మూడు పిక్కల్లో ఒకటి తీసి బికనేర్ మీద పెట్టి మరీ ఇస్తున్నాను.