ఆకు నల్లబడని నాలుగేళ్లు

పదో తరగతికి ఆకులో పిండిపదార్థం చూపించే ప్రయోగాన్ని నేను వరసగా నాలుగేళ్లు చెడగొట్టాను. ఇన్ని ట్రైనింగులకు వెళ్లాను కానీ ఈ మాట ఎక్కడా బయటపెట్టలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎండలో ఉన్న ఆకును కోసి, నీళ్లలో ఓ నిమిషం ఉడికించి, స్పిరిట్‌లో వేసి పచ్చదనమంతా పోయేదాకా వేడి చేయాలి. తెల్లబడ్డ ఆకును కడిగి నాలుగు చుక్కలు అయోడిన్ వేస్తే పిండి ఉన్నచోట నీలి నలుపు రంగు రావాలి. మా బడిలో మాత్రం టీ ఒలికిన మరకలాంటిది వచ్చేది. మొదటి ఏడు తప్పంతా అయోడిన్ మీద తోశాను. ల్యాబ్ బీరువాలో ఉన్న సీసా మీద తేదీ కూడా చెరిగిపోయింది మరి. రెండో ఏడు సొంత డబ్బుతో మెడికల్ షాపులో కొత్త సీసా కొన్నాను. అదే టీ మరక. మూడో ఏడు స్పిరిట్‌ని అనుమానించాను. నాలుగో ఏడు ఓపిక లేక బోర్డు మీద బొమ్మ గీసి, నల్లగా రుద్ది చూపించాను. పిల్లలు చక్కగా దించుకున్నారు. పరీక్షలో మార్కులూ వచ్చాయి.

ఆ నాలుగేళ్లలో నా ట్రైనింగులకు మాత్రం లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం టీచరు ఏడాదికి 50 గంటల శిక్షణ పొందాలి. ఆ గంటలన్నీ నాకు నిండాయి. దీక్షా యాప్‌లో కోర్సులు చేశాను. నిజం చెప్పాలంటే కొన్ని వీడియోలు పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా పక్కన వాటంతట అవే నడిచాయి. సర్టిఫికెట్లు అన్నీ ఫోన్లో భద్రంగా ఉన్నాయి. ఓసారి ఒక హాల్లో రోజంతా చేతులతో చేసి నేర్చుకోవడం గురించి స్లైడ్లు చూపించారు. ఆ రోజంతా మా చేతుల్లో ఉన్నవి టీ కప్పులూ ఫోన్లూ. స్లైడ్లు చదివిన ఆర్పీని, అంటే మాకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌ని, తప్పు పట్టను. ఆయనా మాలాంటి టీచరే, ఆ పీపీటీ ఆయన చేతికి ముందురోజు సాయంత్రం వచ్చింది.

నా సంగతి తేలింది ఓ కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మీటింగులో. అదీ కరెంటు పోవడం వల్ల. వాన, ప్రొజెక్టర్ ఆగిపోయింది, సంతకాలు పెట్టేశాం, బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. సైన్సు వాళ్లం ఆరుగురం వరండాలో కుర్చీలు వేసుకున్నాం. మాటల్లో మాటగా నా ఆకు గోడు వెళ్లబోసుకున్నాను. పక్క మండలం నుంచి వచ్చే పెద్దాయన, రిటైర్మెంటుకి రెండేళ్లుంది, విని అడిగారు.

"పదో తరగతికి మీ పీరియడ్ ఎప్పుడమ్మా?"

"ఫస్ట్ పీరియడ్ సార్."

"ఆకు ఎప్పుడు కోస్తారు?"

"అసెంబ్లీ అయిపోగానే."

ఆయన నవ్వారు. "రాత్రంతా మొక్క గిన్నె ఊడ్చేశాక, తెల్లారే వెళ్లి అన్నం ఏదని అడిగితే ఎట్లమ్మా?"

అంతే. పగలు ఆకులో పోగుపడిన పిండి రాత్రికి చక్కెరగా మారి మిగతా భాగాలకు వెళ్లిపోతుంది. ఈ పాఠం నేనే చెబుతాను. ఇప్పటి పదో తరగతి పుస్తకంలో అయితే మొక్కను మూడు రోజులు చీకట్లో ఉంచి, తర్వాత సుమారు ఆరు గంటలు ఎండలో పెట్టి, అప్పుడు ఆకు కోయమని అచ్చువేసి మరీ ఉంది. ఆ వాక్యం చదివించాను కూడా. దానికీ నా టైమ్‌టేబుల్‌కీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు.

మర్నాడు మా లెక్కల సారుని బతిమాలి చివరి పీరియడ్ మార్చుకున్నాను. వరండాలో ఆ పెద్దాయన చెప్పిన చిట్కాలు ఇంకో రెండు ఉన్నాయి. స్పిరిట్ గ్లాసును మంట మీద పెట్టొద్దు. నీళ్లు బాగా మరిగించి, స్టవ్ ఆర్పేశాక, ఆ వేడి నీళ్లలో గ్లాసు దించాలి. స్పిరిట్‌లోని ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆ వేడి చాలు, అంటుకుంటుందన్న భయం ఉండదు. రెండోది, అయోడిన్ సీసా లేకపోతే బెటడిన్ నీళ్లలో కలిపి వాడుకోవచ్చు. ఆకు సంగతి నేనే ఆలోచించాను. మందారం మందంగా ఉంటుంది, పచ్చదనం ఓ పట్టాన వదలదు. మా చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో మల్బరీ తోటలకు కొదవ లేదు, ఆకు పల్చన. పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల ఒకమ్మాయిని తెమ్మంటే, "మేమెప్పుడూ పొద్దున్నే కోస్తాం మేడమ్, అప్పుడైతే ఆకులో తేమ ఉంటుంది" అంది. మనకు మధ్యాహ్నం ఆకు కావాలన్నాను. ఎందుకని అడిగింది. నేను అరగంట చెప్పాలనుకున్న పాఠం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మూడున్నరకు ఆకు నల్లబడింది. మచ్చలు మచ్చలుగా మొదలై, అంచుల దాకా. వెనక బెంచీ వాళ్లు బల్లలెక్కారు. నేను ఏమీ అనలేదు.

మా ప్రాంతానికి వనరులు లేవని అనను. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ల 172 ఎకరాల క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన సంస్థ, వాళ్ల వ్యాన్లు పెట్టెల నిండా ప్రయోగాలు పెట్టుకుని బడులకే వస్తాయి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం మైసూరులో ఎన్సీఈఆర్టీ వాళ్ల ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచీ ఉంది. అక్కడికి ఒకసారి వెళ్లాను. క్లాసుల కన్నా రాత్రి హాస్టల్లో కేరళ టీచరుతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడినవే ఇప్పటికీ గుర్తున్నాయి. వాళ్ల బడి చుట్టూ రబ్బరు తోటలట. మాకు టమాటా అన్నాను. జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక మా స్టాఫ్‌రూమ్‌లో నాకన్నా ముందు పిల్లల చేతుల్లోకి పోతుంది. చెత్తతో బొమ్మలు చేసి సైన్సు చెప్పే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు, ఫోల్డ్‌స్కోప్, మా మూడు బడులకు కలిపి ఒకటుంది. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఎవరికి పత్రరంధ్రాల పాఠం వస్తే వాళ్ల బ్యాగులోకి వెళ్తుంది.

కానీ వ్యాన్ వచ్చిన రోజు పండగే, వెళ్లిపోయాక పెట్టెలూ దాంతోపాటే వెళ్లిపోతాయి. ఆ రోజు మనం రిజిస్టర్లు రాసుకుంటూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటే మిగిలేది ఫొటోలే. ఇప్పుడు నేను పిల్లల మధ్యలో కూర్చుంటాను, వాళ్లకన్నా ముందు చెయ్యి పెడతాను. ఒకసారి ఓ పిల్లవాడు "మేడమ్, మీ టర్న్ అయిపోయింది" అన్నాడు.

ఆ వాన రోజు తర్వాత మేం ఆరుగురం ఓ అలవాటు పెట్టుకున్నాం. దానికి పేరు పెట్టలేదు, రిపోర్టులో రాయలేదు. రాస్తే దానికో ఫార్మాట్ వస్తుందని భయం. మీటింగ్ అయిపోయాక అరగంట, ఒకరు తమ క్లాసులో చెడిన ప్రయోగం ఒకటి చెప్పాలి. బాగా వచ్చినవి వద్దు. మొదట్లో సిగ్గుపడేవాళ్లం. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే తెల్లబడే సున్నపు తేట కోసం కిళ్లీ కొట్టు సున్నాన్ని నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట వంచుకోవాలని అక్కడే తెలిసింది. అంతకుముందు నేను కలిపిన వెంటనే వాడేసి, ఊదకముందే తెల్లగా ఉందేమిటా అనుకునేదాన్ని.

ఈసారి వంతు నాది. మొలకెత్తే గింజల శ్వాసక్రియ. ఒక సీసాలో మొలకెత్తిన పెసలు, రెండోదాంట్లో ఉడికించిన పెసలు, రెండింట్లోనూ చిన్న గిన్నెలో సున్నపు తేట. మొదటిది తెల్లబడాలి, రెండోది అలాగే ఉండాలి. శుక్రవారం పెట్టి సెలవుల వల్ల సోమవారం చూశాం. రెండూ తెల్లబడ్డాయి. "చచ్చిపోయిన గింజలు కూడా ఊపిరి పీలుస్తాయా మేడమ్?" అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోపు ముందు బెంచీ పిల్లవాడు రెండో సీసా మూత తీసి, ముక్కు మూసుకుని వెనక్కి దూకాడు.

"గింజలు కాదు మేడమ్, లోపల ఇంకేవో బతుకుతున్నాయి!"

శనివారం మీటింగుకి ఆ సీసా తీసుకెళ్తున్నాను. మూత గట్టిగా బిగించి, రెండు కవర్లలో కట్టి. బస్సులో ఎవరి పక్కన కూర్చోవాలా అన్నదే ఇప్పుడు నా టెన్షన్.