మిషన్ వేరు, ట్యూబు వేరు

మంగళవారం

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి పొద్దున 6 గంటలకు సెడేషన్ (మత్తు మందు) ఆపించడంతో ఐసీయూలో రోజు మొదలవుతుంది. ప్రొపోఫాల్ అయితే కాసేపట్లోనే కళ్లు తెరుస్తారు. మిడజోలం నాలుగైదు రోజులు నడిచి, పైగా కిడ్నీలు కూడా దెబ్బతిని ఉంటే మధ్యాహ్నం దాటినా మత్తు దిగదు. మెలకువ వచ్చాక ట్రయల్ పెడతాం, అంటే మిషన్ సాయం తగ్గించి లేదా తీసేసి, సొంతంగా ఊపిరి తీయగలరా అని చూస్తాం. నొప్పి మందు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. నొప్పికి నిమిషానికి 40 సార్లు ఊపిరి తీస్తున్న మనిషిని చూసి చార్టులో ‘ట్రయల్ ఫెయిల్’ అని రాసేస్తే, తప్పు ఊపిరితిత్తులది కాదు.

ట్రయల్‌కి ముందు చూడాల్సినవి కొన్నే. వెంటిలేటర్ ఎందుకు పెట్టామో ఆ జబ్బు తగ్గుముఖం పట్టిందా? ఆక్సిజన్ 40 శాతం, పీప్ (ఊపిరి వదిలాక కూడా మిషన్ లోపల నిలిపే ప్రెషర్) 5 నుంచి 8 మధ్య ఉండగా రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90 పైన నిలుస్తోందా? బీపీ నిలిపే నోరాడ్రినలిన్ ఆగిందా, లేదా బాగా తగ్గిందా? ఊపిరి తనంతట తాను తీస్తున్నారా? ఇవి సరిపోతే ట్రయల్ పెట్టేయడమే. ఎక్స్‌రే ఇంకా తెల్లగానే ఉందని, రేపు చూద్దామని వాయిదా వేసే ప్రతి రోజూ పనిలేని డయాఫ్రం (ఊపిరి తీసే ముఖ్యమైన కండరం) ఇంకొంచెం బలహీనపడుతుంది. నిమిషానికి తీసే ఊపిరుల సంఖ్యను టైడల్ వాల్యూమ్‌తో (ఒక్కో ఊపిరికి పీల్చే గాలి, లీటర్లలో) భాగించి 105 లోపు ఉందా అని చూసే లెక్క 1991లో యాంగ్, టోబిన్ ఇచ్చింది. అది మిషన్ సాయం లేకుండా కొలవాల్సిన లెక్క. ప్రెషర్ సపోర్ట్ (ప్రతి ఊపిరికీ మిషన్ ఇచ్చే తోపు) మీద పెట్టి కొలిస్తే ఎవరికైనా బాగానే వస్తుంది.

ట్రయల్ అంటే మామూలుగా ప్రెషర్ సపోర్ట్ 5 నుంచి 8, పీప్ 5, అరగంట. చాలామందికి ఇది చాలు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి మాత్రం టీ-పీసే (మిషన్ నుంచి విడదీసి ఆక్సిజన్ మాత్రం ఇచ్చే గొట్టం) మేలనిపిస్తుంది. 4వ బెడ్ పెద్దాయనకి ఈరోజు అదే పెట్టాం. మొదటి పావుగంట హాయిగా ఉన్నారు. ఆ తర్వాత నుదుటి మీద చెమట, మెడ కండరాలు లాగడం, బీపీ 130 నుంచి 185కి, ఊపిరి 36కి. గుండెలకి స్టెత్ పెడితే కింది భాగాల్లో కొత్తగా గరగర. మిషన్ ఇచ్చే ప్రెషర్ పోగానే గుండెకి తిరిగొచ్చే రక్తం పెరుగుతుంది, ఎడమ జఠరిక మీద భారమూ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చార్టు తిరగేస్తే నాలుగు రోజుల్లో ఒంట్లో నిలిచిన నీరు 4 లీటర్ల పైచిలుకు. వెంటనే మళ్లీ మిషన్ మీద పెట్టి, నీరు బయటికి పంపే ఫ్యూరోసెమైడ్ ఇచ్చాం, ఎకో రాశాం. ఈరోజుకి ఇంక ట్రయల్ లేదు. అలసిన కండరానికి ఒక రోజు విశ్రాంతి కావాలి.

ఫెయిల్ అయిందంటే కారణం వెతకాలి, ఊరికే రేపు మళ్లీ పెడితే రేపూ అంతే. ఫాస్ఫేట్, మెగ్నీషియం, పొటాషియం తగ్గాయా? ట్యూబు లోపల తెమడ గట్టిపడి దారి ఇరుకైందా? సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లలో గాలి పూర్తిగా బయటికి రాకుండా లోపలే చిక్కుకుంటోందా? వీళ్ల విషయంలో ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇంటి దగ్గర రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 55తో తిరిగే మనిషికి మిషన్‌తో 38కి దించి ‘నార్మల్’ అని సంతోషిస్తాం. కిడ్నీలు దానికి తగ్గట్టు, రక్తంలో ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బనేట్‌ను బయటికి పంపేస్తాయి. ట్రయల్ పెట్టగానే రక్తం పీహెచ్ పడిపోతుంది (ఆమ్లత పెరుగుతుంది). వాళ్లకి వాళ్ల 55 వదిలేయడమే మంచిది.

7వ బెడ్ ఆవిడ ట్రయల్ అరగంటా నిలబడ్డారు. అంటే మిషన్ అక్కర్లేదు. ట్యూబు అక్కర్లేదా అన్నది ఇంకో ప్రశ్న, ఈ రెండూ ఒకటే అనుకుంటేనే రాత్రి 2 గంటలకి మళ్లీ ట్యూబు వేయాల్సి వస్తుంది. దగ్గు చూశాం: తెల్ల కార్డు ట్యూబు చివర నుంచి 1–2 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని మూడు నాలుగు సార్లు దగ్గమంటే కార్డు తడవాలి. తడిసింది. తెమడ లాగే సక్షన్ గంటకోసారి కాదు, మూడు గంటలకోసారి చాలుతోంది. కఫ్ (ట్యూబు చుట్టూ గాలి నింపి ఉంచే బుడగ) గాలి తీసి చూస్తే లీక్, అంటే ట్యూబు పక్కనుంచి బయటికి పోయే గాలి, 60 మి.లీ. మాత్రమే. 110 కన్నా తక్కువంటే స్వరపేటిక వాచి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఇచ్చి కనీసం 4 గంటలు ఆగాలి కాబట్టి ఆ టైమంతా మిషన్ మీదే ఉంచాం. నష్టమేమీ లేదు, ట్రయల్ తర్వాత ఓ గంట విశ్రాంతి ఎలాగూ మంచిదే.

సాయంత్రం ట్యూబు తీశాం. ఫీడ్ ముందే ఆపి, కడుపులో ఉన్నది లాగి, తల ఎత్తి, నోట్లోనూ కఫ్ పైనా సక్షన్ చేసి, ఆ తర్వాతే సిరంజితో కఫ్ గాలి తీయడం. ఈ వరస తప్పితే పైన నిలిచిన ఉమ్మంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గట్టిగా ఊపిరి పీల్చి దగ్గేటప్పుడు ట్యూబు లాగేశాం. మళ్లీ వేయాల్సి వస్తే కావలసిన సామానంతా పక్కనే సిద్ధం, ఒక సైజు చిన్న ట్యూబుతో సహా.

రాత్రి డ్యూటీకి రాసింది: 7వ బెడ్‌కి హై ఫ్లో ఆక్సిజన్ నిమిషానికి 40 లీటర్లు, ఊపిరి పీల్చేటప్పుడు కూత వినిపిస్తే అడ్రినలిన్ నెబ్యులైజేషన్, తగ్గకపోతే ఫోన్. ఆయాసం ముదిరాక మాస్క్ బిగించి తెల్లారేదాకా లాగొద్దు, ట్యూబు వేసేయండి. 4వ బెడ్‌కి రాత్రంతా పూర్తి సపోర్ట్, గంట గంటకీ యూరిన్ లెక్క, ఉదయం 5 గంటలకి పొటాషియం పరీక్ష.